చిరివేరు నుంచి అలిజరిన్ దాకా: బందరు అద్దకంలో ఎరుపు

మొక్కల రంగులతో నూలుబట్టను అద్దే విద్యను ‘పర్యావరణహితం’ అనే ఒక్క మాటతో పరిచయం చేయడం నేడు పరిపాటి అయింది. ఆ మాట రంగు పుట్టుకనే చూస్తుంది. అది బట్టకు పట్టే పద్ధతిని పట్టించుకోదు. మచిలీపట్నం, దాని పొరుగున ఉన్న పెడనల కలంకారీలోని ఎరుపు చరిత్ర ఆధారంగా ఆ దృష్టి ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

గోల్కొండ రాజ్యానికి మచిలీపట్నం ప్రధానమైన రేవు. ఆంగ్లేయులు 1611లో అక్కడా, ఐరోపావారి రాతల్లో ‘పెటపోలి’గా కనిపించే నిజాంపట్నంలోనూ వర్తకస్థానాలు ఏర్పరచుకున్నారు. ఈ తీరపు ఎర్రని అద్దకానికి మూలం ఇసుకనేలల్లో పెరిగే చిరివేరు. 1626లో అచ్చయిన విలియం మెథ్వోల్డ్ గోల్కొండ వృత్తాంతంలో దాని ప్రస్తావన ఉంది. సామర్లకోటలో వృక్షశాస్త్ర పరిశోధన సాగించిన విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కలపై వెలువరించిన గ్రంథం మొదటి సంపుటంలో (1795) ఈ మొక్కను బొమ్మతో సహా వర్ణించి, దాని తెలుగు పేరును కూడా నమోదు చేశాడు.

అయితే వేరు ఒక్కటే ఎరుపును ఇవ్వదు. బట్టను ముందుగా కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలోని వగరు నూలుకు లవణాన్ని పట్టిస్తుంది. పాలలోని కొవ్వు అద్దకం పక్కలకు పాకకుండా కాపాడుతుంది. ఎరుపు కావలసిన చోట పటికను, నలుపు కావలసిన చోట బెల్లపు నీటిలో ఇనుము నానబెట్టి పులియబెట్టిన ద్రవాన్ని అద్దుతారు. తరువాత పారే నీటిలో ఉతికి రంగునీటిలో మరిగిస్తారు. పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది. మిగిలిన చోట అంటిన లేతరంగు ఉతుకులతో, ఎండతో పోతుంది. కనుక అచ్చు వేసేది రంగును కాదు, రంగు నిలవవలసిన చోటును.

ఈ జ్ఞానం వృత్తివారి నోటి నుంచి లిఖితరూపంలోకి వచ్చిన సందర్భాల్లో జెసూట్ మతాచార్యుడు కోర్దూ 1742లో రాసిన లేఖ ముఖ్యమైనది. సంస్కృతానికి గ్రీకు, లాటిన్ భాషలతో ఉన్న పోలికను చర్చించిన వ్యక్తిగా ఆయన భాషాశాస్త్రజ్ఞులకు సుపరిచితుడు. కరక్కాయ, గేదెపాల ప్రక్రియను ఆయన తన మతంలో చేరిన అద్దకపువారి నుంచే తెలుసుకున్నాడు. లేఖలో మిగిలింది ఆయన పేరు. విద్య చెప్పినవారి పేర్లు మరుగునపడ్డాయి.

1868లో జర్మన్ రసాయనవేత్తలు గ్రేబే, లీబర్‌మాన్‌లు తారు నుంచి లభించే ఆంత్రసీన్‌తో అలిజరిన్‌ను తయారుచేశారు. చిరివేరులోని ఎర్రరంగుకూ మూలం ఈ అలిజరినే. ఫలితంగా వేరు సాగుకు గిరాకీ పోయింది. కానీ అద్దకం క్రమం మారలేదు. కరక్కాయ, పాలు, పటిక, పారే నీరు, కాగు అన్నీ తమ స్థానాల్లోనే ఉన్నాయి. నేడు పెడనలో ఎరుపుకు సాధారణంగా వాడేది అలిజరినే. వృత్తివారి నైపుణ్యం నశించకుండా వేరు మాత్రమే తొలగిందని దీనివల్ల తెలుస్తుంది.

ఈ చరిత్రను ‘సహజం’, ‘కృత్రిమం’ అని రెండుగా విడదీస్తే రెండు పొరపాట్లు జరుగుతాయి. అలిజరిన్ వాడకాన్ని చూసి పెడన అద్దకాన్ని తక్కువ చేయడం మొదటిది: కరక్కాయ, పటికల తయారీతో సాగే ఈ అద్దకానికీ, ఆ క్రమం ఏదీ లేకుండా కలంకారీ పేరుతో అమ్ముడయ్యే స్క్రీన్ ముద్రణకూ తేడా అప్పుడు చెరిగిపోతుంది. వేరు వాడితే చాలు, హాని లేనట్టేనని భావించడం రెండవది: వేరుతో అద్దినా ఉతకడానికి విస్తారంగా నీరు, మరిగించడానికి వంటచెరకు కావాలి. పర్యావరణహితాన్ని నిర్ణయించేటప్పుడు రంగు ఎక్కడ పుట్టిందన్న ప్రశ్నతో పాటు, అద్దిన నీరు ఎక్కడికి చేరుతోంది, అద్దేవారికి దక్కుతున్నదెంత అనే ప్రశ్నలనూ పరిశోధకులు వేయవలసి ఉంది.