ప్రాణం తీయని తుపాకీ

మా నాన్నగారికి తుపాకీ ఉండేది. చలికాలం వస్తే కొల్లేటికి వేటకి వెళ్లి పరజలు కొట్టుకొచ్చేవారు. వంటింటి గుమ్మంలో గోనెసంచి విప్పగానే నేను వెళ్లి ఒకదాని రెక్క పట్టుకుని మెల్లగా తెరిచి చూసేదాన్ని. విసనకర్రలా విచ్చుకునేది. వదిలితే వేలాడిపోయేది. “ఇది ఎలా ఎగిరేది నాన్నా?” అంటే, “ఎలా ఏమిటే, టపటపా రెక్కలు కొట్టుకుని!” అనేవారు. అంతకుమించి ఆయనకీ తెలీదు. ఆ కూర నేనూ తిన్నాను కనక ఇప్పుడు నీతులు చెప్పబోను. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక నాన్నగారి తుపాకీ గోడకెక్కింది. నా ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

మొన్న సంక్రాంతి వెళ్లాక మా అమ్మాయి నన్ను కైకలూరు దగ్గరున్న ఆటపాకకి తీసికెళ్లింది. కొల్లేటి గూడబాతులు అక్కడ వందలకొద్దీ ఉంటాయి. దాని చేతిలో మూరెడు లెన్సున్న కెమెరా. ఒక గూడబాతు నీళ్ల మీదికి దిగుతుంటే అది కాళ్లు ఎడంగా పెట్టి, మోచేతులు పక్కలకి ఆనించి, ఒక కన్ను మూసి గురిపెట్టింది. నా గుండె ఝల్లుమంది. అచ్చం నాన్నగారే!

ఈ పోలిక నాకొక్కదానికే తట్టిందనుకున్నాను. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, 1882లోనే ఒక ఫ్రెంచి డాక్టరు నిజంగానే తుపాకీలో కెమెరా అమర్చాడని.

ఆయన పేరు ఎటియెన్ జూల్ మారే. కంటికి అందని కదలికని కాగితం మీదికి దింపడమే ఆయన పిచ్చి. 1860లో మణికట్టు దగ్గర నాడి తనంతట తానే గీత గీసుకునే పరికరం చేశాడు. ఆ తరవాత పావురాలకి సన్నటి రబ్బరు గొట్టాలు తగిలించి, రెక్క కొట్టినప్పుడల్లా మసి పట్టించిన కాగితం మీద గీత పడేలా చేశాడు. కానీ అంత సరంజామా మోస్తున్న పావురం హాయిగా ఎగురుతుందా, మీరే చెప్పండి! నగలన్నీ దిగేసిన పెళ్లికూతుర్ని పరిగెత్తమన్నట్టుంటుంది.

1878లో అమెరికాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జి 12 కెమెరాలు వరసగా పెట్టి, దారికి అడ్డంగా దారాలు కట్టి, గుర్రాన్ని పరిగెత్తించాడు. దారం తెగినప్పుడల్లా ఒక ఫొటో. పరుగులో ఒక క్షణం గుర్రం నాలుగు కాళ్లూ నేల మీద ఉండవని అలా రుజువైంది. అది చూసిన మారేకి ప్రాణం లేచొచ్చింది. పక్షుల్ని కూడా తీయమని కోరాడు. 1881లో మైబ్రిడ్జి పారిస్ వచ్చినప్పుడు కొన్ని పక్షి ఫొటోలు చూపించాడు గానీ అవి మారేకి ఆనలేదు. నిజమే మరి, గుర్రం మనం గీసిన దారిలో వస్తుంది, పక్షి వస్తుందా? దాని వెంట కెమెరాయే తిరగాలి.

1874లో శుక్రగ్రహం సూర్యుడికి అడ్డంగా నడిచినప్పుడు జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు రివాల్వరు పద్ధతిలో వరస ఫొటోలు తీసే యంత్రం వాడాడు. మారే ఆ ఊహనే భుజానికెత్తుకున్నాడు. గొట్టంలో లెన్సు, దాని వెనక గుండ్రటి గాజు పలక. మీట నొక్కితే పలక సెకనుకి ఒక చుట్టు తిరుగుతుంది. ఆ చుట్టులో 12 చోట్ల ఆగుతుంది, 12 బొమ్మలు పడతాయి. ఒక్కో బొమ్మకీ వెలుతురు తగిలేది సెకనులో 720వ వంతు! చలికాలం గడపడానికి ఇటలీలోని నేపుల్స్ వెళ్లినప్పుడు దీన్ని పక్షుల మీద గురిపెట్టాడు. ఈ తుపాకీ ప్రాణాలు తీసేది కాదని తల్లికి ఉత్తరం కూడా రాసుకున్నాడు. ఎంత పెద్ద శాస్త్రజ్ఞుడైనా కొత్త వస్తువు ముందు అమ్మకే చెప్పుకోవాలి కాబోలు.

ఆ తరవాత నల్లటి తెర ముందు తెల్లటి పక్షిని ఎగరనిచ్చి, ఒకే పలక మీద దాని రెక్కల భంగిమలన్నీ పడేలా చేశాడు. అందులో పేరుపడ్డ ఫొటో ఏమిటో తెలుసా? నేలకి దిగుతున్న గూడబాతు!

ఇదంతా వట్టి వేడుక కాదు. తుపాకీ చేయకముందు, 1873లో, మారే జంతువుల కదలికల మీద రాసిన పుస్తకం అమెరికాలో రైట్ సోదరుల ఇంటి బీరువాలోకి చేరింది. 1896లో లిలియెంథాల్ గ్లైడరు మీంచి పడి చనిపోయాడన్న వార్త చదివాక, విల్బర్ రైట్ మళ్లీ తీసి చదివింది ఆ పుస్తకాన్నే. 1903 డిసెంబరు 17న వాళ్ల విమానం మొదటిసారి గాలిలో ఉన్నది 12 సెకన్లు.

మా అమ్మాయి కెమెరా సెకనుకి 20 బొమ్మలు తీస్తుంది. అయినా కిటుకు పాతదే. “పక్షి వెళ్లాక తిరిగితే లాభం లేదమ్మా, దాంతోపాటే నడుం దగ్గర్నించి తిరగాలి. గాలి మన వీపుకి తగిలేలా నిలబడాలి. అవి గాలికి ఎదురుగా దిగుతాయి కనక మనవైపే వస్తాయి” అని నేర్పింది. షట్టరు సెకనులో 2000వ వంతుకి పెట్టి నా చేతికిచ్చింది. మొదట నాకు ఆకాశమే పడింది. తరవాత ఒక తోక. సాయంత్రానికి ఒక్క గూడబాతు మాత్రం నిండుగా దొరికింది.

ఆ బొమ్మల్ని ఒక్కొక్కటే జరిపి చూశాం. రెక్క కిందికి దిగుతూ ముందుకి కూడా సాగుతోంది. చివరి ఈకలు గాలి బరువుకి పైకి వంగాయి. పైకి లేచేటప్పుడు రెక్క కాస్త ముడుచుకుంది.

టపటపా కాదు నాన్నా. గోనెసంచిలో ఎంత వెతికినా కనపడనిది ఇది. చెబుదామంటే మీరు లేరు.