యూనిక్స్ వ్యవస్థల్లో దూరం నుంచి రూట్ ప్రవేశం – చరిత్ర

యూనిక్స్ తరహా కంప్యూటర్లలో సర్వాధికారాలు ఉన్న ఖాతా పేరు రూట్. దాని గుర్తింపు సంఖ్య 0. ఏ ఫైలునైనా చెరిపేయడానికి, ఏ ఖాతానైనా మార్చడానికి దానికి అడ్డు లేదు. సర్వర్ ఒక చోట, దాన్ని చూసుకునే అడ్మిన్ మరో చోట ఉన్నప్పుడు ఈ అధికారాన్ని భద్రంగా వాడే పద్ధతులు 1980ల నుంచి క్రమంగా రూపుదిద్దుకున్నాయి. హైదరాబాద్ తూర్పున ఉప్పల్, ఘట్‌కేసర్ దగ్గరి పోచారం ప్రాంగణాల్లోని ఐటీ సంస్థలకు ఇది రోజువారీ వ్యవహారం.

తొలి దశ

కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్‌కు శ్రీకారం చుట్టారు. ఇక్కడ హైదరాబాద్‌లో, నాచారానికి చేరువలోని ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్ 1970లలో టీడీసీ కంప్యూటర్లు తయారుచేసింది. ఆ తరం యంత్రాలను ఎక్కువగా పక్కనే ఉండి నడిపేవారు. నెట్‌వర్క్‌లు పెరిగాక, దూరపు కంప్యూటర్‌లోకి ప్రవేశించే టెల్‌నెట్ వాడుకలోకి వచ్చింది. అందులో పాస్‌వర్డ్ ఏ మరుగూ లేకుండా తీగల మీద ప్రయాణించేది. 1983 నాటి 4.2 బీఎస్‌డీలోని ఆర్‌లాగిన్, నమ్మిన యంత్రాల జాబితాలో ఉన్నవారిని పాస్‌వర్డ్ అడగకుండానే లోనికి రానిచ్చేది. 1988 నవంబర్ 2న విడుదలైన, తనంతట తానే పాకే మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రామ్ వ్యాపించడానికి ఇలాంటి నమ్మకాలు కూడా తోడ్పడ్డాయి.

ఎస్ఎస్‌హెచ్, సుడో

1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌ల చోరీ జరిగింది. ఆ అనుభవంతో తాతూ యులోనెన్ ఎస్ఎస్‌హెచ్ (సెక్యూర్ షెల్) అనే ప్రోగ్రామ్ రాశారు. సంభాషణ మొత్తం గూఢలిపిలో సాగుతుంది. పాస్‌వర్డ్ బదులు కీల జత వాడవచ్చు. పబ్లిక్ కీ సర్వర్‌లో ఉంటుంది, ప్రైవేట్ కీ అడ్మిన్ దగ్గరే ఉంటుంది. ఓపెన్‌బీఎస్‌డీ బృందం 1999లో ఉచితంగా అందించిన ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ ఈ పద్ధతిని ఊరూరా చేర్చింది.

దారి భద్రమైనా, దాటినవారెవరో తెలియాలి. 1980 ప్రాంతంలో బఫెలోలోని న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పుట్టిన సుడో అనే ప్రోగ్రామ్ ఈ లోటు తీర్చింది. అడ్మిన్ సొంత ఖాతాతో ప్రవేశించి, అవసరమైన ఆదేశానికి మాత్రమే రూట్ అధికారం తీసుకుంటాడు; ఆ ఆదేశం అతని పేరుతో లాగ్‌లో నమోదవుతుంది. 2015 ఆగస్టులో వచ్చిన ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ 7.0 నుంచి, సెట్టింగ్ మారిస్తే తప్ప రూట్ ఖాతాకు పాస్‌వర్డ్‌తో లాగిన్ కుదరదు.

బయటపడ్డ లోపాలు

డెబియన్ అనే లినక్స్ వ్యవస్థలో యాదృచ్ఛిక సంఖ్యల తయారీ దెబ్బతిని, తేలిగ్గా ఊహించగల కీలు పుట్టాయని 2008లో తేలింది. 2021 జనవరిలో వెల్లడైన సుడో లోపం దాదాపు పదేళ్లుగా ఎవరి కంటా పడలేదు. 2024 మార్చిలో లాగిన్ సుమారు అర సెకను ఆలస్యం కావడం గమనించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్, డేటాను కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీలో దాచిన దొడ్డిదారిని పట్టుకున్నారు.

నేటి పద్ధతి, భారత నిబంధనలు

రూట్ లాగిన్ మూసేయడం, కీకి పాస్‌ఫ్రేజ్ పెట్టడం, అందరూ ఒకే మధ్యవర్తి సర్వర్ (జంప్ సర్వర్) గుండా రావడం, ఉద్యోగం వీడినవారి కీని అదే రోజు తీసేయడం ఇప్పటి మంచి అలవాట్లు. భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనను 6 గంటల్లో తెలపాలి, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. అందరూ రూట్ ఖాతాతోనే లోనికొస్తే ఆ లాగ్‌లలో ఒకే పేరు కనిపిస్తుంది. బాధ్యులెవరో మాత్రం తేలదు.