గూడకి ఒక్క ఫిల్మ్ చాలదు

జిల్లా ఆస్పత్రి ఎక్స్‌రే గది. పొద్దున్న పది. ఓపీ చీటీలు పట్టుకున్నవాళ్ళ వరస వరండా మలుపు తిరిగి మందుల కౌంటరు దాకా పోయింది. తలుపు మీద ఎర్ర లైటు ఆరింది, లోపలికి రండి. సీసం కలిసిన అద్దం వెనక, కన్సోల్ పక్కన కాస్త జాగా ఉంది, అక్కడ నిలబడండి. రేడియోగ్రాఫర్ మేడమ్ అప్పుడే రెండో కాసెట్ సర్దుతోంది. ఆమె కోటుకి పెట్టుకున్న చిన్న ప్లాస్టిక్ బిళ్ళ టీఎల్‌డీ బ్యాడ్జి. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో మూడు నెలలకోసారి దాన్ని పంపించి చదివిస్తారు. ఈ పని చేసేవాళ్ళకి అయిదేళ్ళ మీద లెక్కగడితే సాలుకి సగటున 20 మిల్లీసీవర్ట్‌లు మించకూడదు. భుజం ఫిల్మ్ తీయించుకునే మనిషికి తగిలేది ఒక మిల్లీసీవర్ట్‌లో నూరో వంతు, అంతే. మట్టిలోంచీ ఆకాశంలోంచీ ఒకటి రెండు రోజుల్లో మనకి ఎలాగూ తగిలేదంత.

మొదటి చీటీ ఎనిమిదేళ్ళ పిల్లాడిది. జామచెట్టు మీంచి పడ్డాడు. ఎడమ చెయ్యి పొట్టకి ఆనించుకుని, మెడ ఆ పక్కకే వాల్చి నిలబడ్డాడు. వాణ్ణి పట్టుకోవడానికి తల్లి కూడా లోపలికి వచ్చింది. మేడమ్ ఆమెను దగ్గరకి పిలిచి, గొంతు తగ్గించి అడిగింది. "నెల తప్పలేదు కదమ్మా?"

తల్లి వేళ్ళ మీద లెక్క చూసుకుంది. "ఈ నెల ఇంకా రాలేదండి."

"అయితే నువ్వు బయట కూర్చో. నాన్నని పంపు."

గర్భిణికే భుజం విరిగితే ఫిల్మ్ తీయడం మానరు. కిరణం పొట్ట వైపు పోదు, బిడ్డ దాకా చేరేది లెక్కలోకి రానంత. కానీ పనిలేకుండా ఈ గదిలో ఎవరినీ నిలబెట్టకూడదు. తండ్రి వచ్చాడు. సీసం ఏప్రాన్ బరువుకి భుజాలు కిందకి వాలాయి. పెద్దవాళ్ళకి 70 కిలోవోల్టుల దగ్గర ఉండే మీటను మేడమ్ 55కి దించింది. గ్రిడ్ తీసేసింది. సన్నని ఒంటికి ఆ జాలీ అక్కర్లేదు, ఉంటే కిరణాల మోతాదు పెంచాలి.

"కదలకు నాన్నా. ఊపిరి బిగబట్టు... అయిపోయింది."

తెర మీద బొమ్మ వచ్చింది. తండ్రి వేలు తిన్నగా జబ్బ ఎముక పైకొస మీదకి పోయింది. అక్కడ గుడారం ఆకారంలో ఒక నల్లగీత అడ్డంగా ఉంది. "ఇదేనాండీ విరిగింది?" కాదు. అది ఎదుగుదల పలక, ఇంకా ఎముకగా మారని మృదులాస్థి. మృదులాస్థి ఎక్స్‌రేలో కనబడదు కాబట్టి ఆ చోటు ఖాళీగా ఉన్నట్టుంటుంది. జబ్బ ఎముక పొడుగులో ఎనభై శాతం ఈ గీత దగ్గరే పెరుగుతుంది. పదహారు, పద్దెనిమిదేళ్ళకి అతుక్కుపోతుంది, ఆడపిల్లల్లో కాస్త ముందే. ఈ వయసులో ఈ చోట ఎముక విరిగి పక్కకి ఒరిగినా చాలావరకు ఎదుగుదలే దాన్ని సరిచేస్తుంది.

వాడి దెబ్బ ఇంకోచోట ఉంది. కాలర్ బోన్ నడిమధ్యన ఎముక పూర్తిగా విరక్కుండా, పచ్చికొమ్మ మాదిరి వంగి ఒక పక్క చిట్లింది. చేతిని మొండేనికి కలిపే ఎముక ఇదొక్కటే. కడుపులో పిండానికి అయిదారు వారాలు నిండకముందే గట్టిపడటం మొదలుపెట్టే మొదటి ఎముకా ఇదే, లోపలి కొస అతుక్కునేసరికి మాత్రం పాతికేళ్ళు వస్తాయి. కాన్పులో భుజం ఇరుక్కున్న పసికందులకీ ఎక్కువగా ఇదే విరుగుతుంది. పది రోజులకల్లా అక్కడ కండె కట్టి వేలికి తగులుతుంది. ఈ పిల్లాడికి మెడకి వేలాడే పట్టీ చాలు.

తరవాత కబడ్డీ కుర్రాడు. చొక్కా విప్పలేదు, కత్తెరతో కోశారు. కుడి భుజం గుండ్రం పోయి చదునుగా ఉంది, మోచేతిని ఎడమచేత్తో మోస్తున్నాడు. గూడ జారిందని వరసలో ఉన్న ముసలాయన ఎప్పుడో చెప్పేశాడు. మరి ఫిల్మ్ ఎందుకంటే, ఎముక కూడా విరిగిందేమో చూడకుండా లాగి కూర్చోబెడితే విరిగిన ముక్క ఇంకా జరగొచ్చు.

గూడ ఇలా జారడానికి దాని కట్టుబడే కారణం. రెక్క ఎముక పక్కన ఉండే గుంటలో జబ్బ ఎముక తల కూర్చుంటుంది. తుంటిలోలాగ లోతైన గుంట కాదు అది, ప్రమిద మీద బత్తాయి నిలబెట్టినట్టుంటుంది. ఏ క్షణంలో చూసినా ఆ తలలో మూడో వంతో నాలుగో వంతో మాత్రమే గుంటను తాకుతుంది. మిగతా భారమంతా కండరాలూ, నరంపట్టీలూ మోస్తాయి. చెయ్యి తల మీదకీ వీపు వెనక్కీ తిరిగేది అందువల్లే, జారేదీ అందువల్లే. జారినవాటిలో నూటికి తొంభై అయిదు ముందుకే జారతాయి.

"తమ్ముడూ, చెయ్యి అలాగే ఉంచు. ఒళ్ళంతా కలిపి తిరుగు." మేడమ్ అతన్ని ఏటవాలుగా నిలబెట్టింది. పక్క నుంచి తీసిన ఈ బొమ్మలో రెక్క ఎముక ఇంగ్లీషు వై అక్షరంలాగ పడుతుంది. జబ్బ ఎముక తల ఆ మూడు కొమ్మల కూడలిలో ఉండాలి. ఇతనిది ముందుకి జరిగి, కొరకాయిడ్ అనే వంకర కొన కిందకి చేరింది. డాక్టరు కూర్చోబెట్టాక మళ్ళీ ఒక ఫిల్మ్. తల వెనక భాగంలో చిన్న నొక్కు కనబడింది, జారినప్పుడు గుంట అంచు గుద్దుకున్న చోటు. 1940లో హిల్, శాక్స్ అనే ఇద్దరు అమెరికన్ రేడియాలజిస్టులు ఈ నొక్కును వివరించారు, దానికి వాళ్ళ పేరే ఉండిపోయింది. ఇరవై ఏళ్ళలోపు ఒకసారి జారిన గూడ మళ్ళీ జారే అవకాశం చాలా ఎక్కువ. పెద్ద వయసులో జారితే భయం వేరు, అక్కడ కండరాల పట్టీలు చిరుగుతాయి.

మామ్మగారిని చక్రాల కుర్చీలో తెచ్చారు. బాత్రూములో జారి, చెయ్యి ఊనుకుంటూ పడ్డారు. నాలుగు రోజులైంది. భుజం దగ్గర కమిలిన నలుపు ఇప్పుడు మోచేతి దాకా దిగింది. ఆమె మెళ్ళో పసుపుతాడు, దానికి పుస్తెలతో పాటు అరడజను పిన్నీసులు, ఒక బీరువా తాళంచెవి. అవన్నీ సరిగ్గా ఎముక మీద పడతాయి.

"తియ్యనమ్మా, ఆయన బయటే ఉన్నారు."

"తియ్యద్దులెండి మామ్మగారూ. ఈ పక్కకి తోసి, వెనక్కి వేస్తా." మేడమ్ తాడును ఎడమ భుజం మీంచి వీపు మీదకి వేసి, జాకెట్టు పై హుక్కు ఒకటి తప్పించింది. కుర్చీలోంచి లేపలేదు, కాసెట్‌నే కుర్చీ వీపుకి ఆనించింది. మీట కొంచెం తగ్గించింది. పలచబడ్డ ఎముకకి మామూలు మోతాదు పెడితే బొమ్మ నల్లగా మాడిపోతుంది.

విరిగింది తల కింద, ఎముక సన్నబడే మెడ దగ్గర. డాక్టర్లు ఇక్కడ నాలుగు ముక్కలు లెక్కపెడతారు, తల, పెద్ద బొడిపె, చిన్న బొడిపె, కాడ. ఏ ముక్కయినా ఒక సెంటీమీటరు జరిగినా, 45 డిగ్రీలు ఒరిగినా దాన్ని విడిపోయినట్టు లెక్కేస్తారు. 1970లో చార్లెస్ నీర్ ఇచ్చిన కొలత ఇది. మామ్మగారి ముక్కలు కదల్లేదు, పట్టీ చాలు. కానీ బొమ్మలో ఎముకంతా వెలిసిపోయినట్టుంది. మూడో వంతు దాకా సున్నం పోతే గాని ఎక్స్‌రేలో ఆ వెలిసిపోవడం తెలీదు. అంటే ఆమె తుంటికీ వెన్నుకీ కూడా మందు వేళ అయింది. డాక్టరు చీటీ వెనక రాసిన రెండో లైను దాని గురించే.

షుగరు ఉన్న యాభై ఏళ్ళ టీచరుగారిది చిటికెలో అయిపోయింది. జడ వేసుకోవడానికి చెయ్యి లేవట్లేదు, ఫిల్మ్ మాత్రం శుభ్రంగా ఉంది. బిగుసుకున్న గూడలో ఎముక ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. అరుగుదల లేదని, సున్నం పేరుకోలేదని తేల్చడానికే ఆ బొమ్మ.

ఒంటిగంటకి ఆఖరి చీటీ. రొయ్యల చెరువు దగ్గర పనిచేసే మనిషి. ఏరేటర్ మోటారు ముట్టుకుని కరెంటు షాకు కొట్టి పన్నెండు రోజులైంది. అప్పుడే ఎక్కడో తీయించిన ఒకే ఒక్క ఫిల్మ్ సంచిలో ఉంది. ఎముక విరగలేదన్నారు, నొప్పి మాత్రలు ఇచ్చారు. మేడమ్ దాన్ని వెలుతురుకి పెట్టి చూసింది. గుంటా తలా ఎదురెదురుగానే ఉన్నట్టున్నాయి.

"అన్నా, అరచెయ్యి పైకి తిప్పు, ప్రసాదం పట్టినట్టు."

అతను తిప్పలేకపోయాడు. చెయ్యి పొట్టకేసి లోపలికి తిరిగి అక్కడే బిగిసిపోయింది. మేడమ్ మళ్ళీ ఫిల్మ్ చూసింది. జబ్బ ఎముక తలకి ఒక పక్క పొడుచుకు రావాల్సిన పెద్ద బొడిపె కనబడట్లేదు, తల రెండు పక్కలా ఒకేలా గుండ్రంగా ఉంది. దీన్ని బల్బు గుర్తంటారు. గుంట ముందంచుకీ తలకీ మధ్య ఎడం కూడా ఉండాల్సినదానికన్నా ఎక్కువే. కరెంటు పట్టినా, మూర్ఛ వచ్చినా ఒంట్లో కండరాలన్నీ ఒక్కసారే బిగుస్తాయి. చేతిని లోపలికి తిప్పే కండరాలు బయటికి తిప్పేవాటికన్నా బలమైనవి కాబట్టి, అవి తలను వెనక్కి తోసేస్తాయి. ఎదుటి నుంచి తీసిన బొమ్మలో వెనక్కి పోయింది వెనక్కి పోయినట్టు కనబడదు.

చంకలోంచి తీయాలంటే చెయ్యి ఎత్తాలి, అతను ఎత్తలేడు. మేడమ్ అతన్ని బల్లకి వీపు ఆనేలా నిలబెట్టి, చెయ్యి కదపకుండానే మెల్లగా వెనక్కి వంచింది. కాసెట్ బల్ల మీద, భుజానికి కింద. ట్యూబు నెత్తిన, నిట్టనిలువుగా. "అంతే, అలాగే ఉండు. ఊపిరి బిగబట్టు."

బొమ్మ వచ్చింది. రెక్క ఎముక గుంట ఒకచోట, తల దాని వెనక. తల ముందు భాగంలో గుంట అంచు దిగబడ్డ నొక్కు.

ఆర్థో డాక్టరు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూశాడు. నొక్కు ఎంత లోతో తెలియడానికి సీటీ రాశాడు, సాయంత్రం ఆపరేషన్ థియేటర్ ఖాళీ ఉందేమో కనుక్కోమన్నాడు. ఇంకో రెండు వారాలు పోతే మత్తిచ్చి లాగినా గూడ కూర్చోకపోవచ్చు, కోసి కూర్చోబెట్టాల్సి రావచ్చు.

మీ ఇంట్లో ఎవరైనా భుజం దెబ్బతో ఫిల్మ్ తీయించుకుని వస్తే, కవరు విప్పి అందులో బొమ్మలు ఎన్నున్నాయో చూడండి. ఎదుటి నుంచి తీసింది ఒక్కటే ఉండి, చెయ్యి మాత్రం బయటికి తిరగకపోతే, రెండో వైపు నుంచి కూడా తీయమని అడగండి.