మూడు, మూడు, ఎనిమిది

మాదాపూర్, అయ్యప్ప సొసైటీ. కింద టిఫిన్ సెంటర్, పైన పీజీ హాస్టల్, మధ్య అంతస్తులో పళ్ల డాక్టరు. మెడలో ఆఫీసు ట్యాగు తియ్యకుండానే కుర్చీలో కూర్చున్నారు మీరు. కుర్చీ వెనక్కి వాలగానే అది జారి భుజం మీద పడింది. రాత్రంతా నిద్ర లేదు. పొద్దున మెట్రోలో కూడా దవడ పట్టుకునే నిలబడ్డారు.

"ఏమైందండీ?"

"రాత్రి సకినం కొరికితే టప్పుమంది మేడమ్."

పాపం సకినానిది కాదు. కిందటేడు ఇదే పన్ను రాత్రుళ్లు సలిపింది, వేడి చాయ్ తగిలితే ప్రాణం పోయేది. మాత్రలు మింగారు. ఓ రోజు నొప్పి దానంతటదే ఆగిపోయింది, తగ్గిందనుకున్నారు. ఆగింది పుచ్చు కాదు, లోపలి నరం. అది చచ్చిపోయింది కాబట్టే ఇన్నాళ్లూ ఊరుకుంది.

డాక్టరమ్మ చిన్న అద్దం పెట్టి చూస్తోంది. కింది దవడ, ఎడమవైపు, మొదటి పెద్ద పన్ను. ఆరేళ్లప్పుడు, పాలపళ్లు ఊడకముందే, వాటి వెనక నిశ్శబ్దంగా వచ్చేది ఇదే. ఏదీ ఊడకుండా వస్తుంది కాబట్టి ఇళ్లల్లో ఇదీ పాలపన్నే అనుకుంటారు. పుచ్చినా పట్టించుకోరు. బాగా చల్లబరిచిన దూది ముక్క దానికి ఆనించింది. ఏమీ తెలియలేదు. పక్క పన్నుకు ఆనించేసరికి జివ్వుమంది. అద్దం కాడతో మెల్లగా తట్టింది. ఈసారి మీ కాళ్లు రెండూ లేచాయి.

తర్వాత గీతలున్న సన్నటి పుల్లలాంటి పరికరం తీసి, చిగురుకూ పన్నుకూ మధ్య ఆనిస్తూ చుట్టూ తిప్పుతోంది. అసిస్టెంట్ రాసుకుంటోంది.

"మూడు. రెండు. మూడు. మూడు... ఎనిమిది."

చెయ్యి ఆగింది. అక్కడే మళ్లీ కొలిచింది. ఎనిమిదే. పక్కన మళ్లీ మూడు. మిల్లీమీటర్లవి. చిగుళ్ల జబ్బయితే లోతు వెడల్పుగా ఉంటుంది. ఒక్కచోటే బావిలా దిగిపోయిందంటే వేరు వెంట పగులు ఉందేమో అని అనుమానం. ఆ మాట మీతో ఇంకా అనలేదు.

ఎక్స్‌రే వచ్చేలోగా ఫోను మోగింది. అమ్మ.

"పీకిచ్చుకో బిడ్డా. మీ నాయినకు గట్లనే పీకిచ్చినం, మల్ల ఎన్నడన్న నొప్పన్నడా?"

టీమ్ లీడు అప్పుడే మెసేజ్ పెట్టాడు: తీయించేసి ఇంప్లాంట్ పెట్టించుకో, గొడవ వదిలిపోతుంది. పీకడానికి ఊళ్లో అమ్మ, ఇక్కడ టీమ్ లీడు, ఇద్దరూ రెడీ. పన్నులో ఎంత మిగిలిందని మాత్రం ఇద్దరూ అడగలేదు. నా లెక్కలో అడగాల్సింది ఆ ఒక్కటే.

స్క్రీన్ మీద మీ పన్ను. వేరు చివర నల్లటి నీడ, అక్కడ ఎముక కరిగింది. "దీనికి భయపడక్కర్లేదు. రూట్ కెనాల్ చేస్తే చాలావరకు ఎముక మళ్లీ కట్టుకుంటుంది," అంటోంది డాక్టరమ్మ. "పన్నులో పగులు ఉందేమోనని కూడా అనుమానం. ఆ సంగతి ఎక్స్‌రే చెప్పదు. కిరణం వెళ్లే దిశలోనే పగులు ఉంటే తప్ప కనపడదు. ఉంచాలా తియ్యాలా అన్నది తెరిచి చూశాకే చెబుతాను."

మత్తు సూది వేసి, పని చేసేదాకా మాటల్లో పెట్టింది. "మీది నల్లగొండ సైడా?" ముందు పళ్ల మీది గోధుమరంగు చారలు చూసి అడిగింది. అవును. చారల్ని రాసింది చిన్నప్పటి బోరు నీళ్లు. దవడ ఎముకలో పన్ను తయారవుతున్న ఏళ్లలో తాగిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పంటి పింగాణీ పొర సరిగ్గా గట్టిపడదు. తెలుగు నేల మీద ఈ జబ్బును 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించి రాశారు. సున్నం, పటిక కలిపి నీటిని శుద్ధి చేసే పద్ధతికైతే నల్లగొండ పేరే పెట్టారు. ఎడమ పెదవి అంతలో మొద్దుబారింది. మీది కాదన్నట్టుంది.

పన్ను చుట్టూ నీలం రబ్బరు షీటు బిగించారు. ఇక మాట్లాడలేరు. డ్రిల్లు కూత, నీళ్ల తుంపర, మురుగు వాసన. ఆ వాసన మీ పన్నులోదే. పుచ్చు మెత్తగా, తడిసిన అట్టముక్కలా లేచి వస్తోంది. మొత్తం తీశాక మిగిలిన గోడల్ని కొలిచింది. బుగ్గవైపు మూడు. నాలుకవైపు రెండు.

ఈ రెండు ముఖ్యం. క్యాప్ వెయ్యాలంటే చిగురు పైన చుట్టూ కనీసం రెండు మిల్లీమీటర్ల గట్టి పన్ను కావాలంటారు. క్యాప్ అంచు దాన్ని కరిచి పట్టుకోవాలి, అప్పుడే నమిలేటప్పుడు పన్ను చీలదు. కేవలం సిమెంటు మీద నిలబెట్టిన క్యాప్ కొన్నాళ్లకు పన్నుతో సహా ఊడి చేతికొస్తుంది. రెండు ఉంది. డాక్టరమ్మ కళ్లు కాస్త తేలికపడ్డాయి. మీకూ ఆశ పుట్టింది.

తర్వాత నీలం రంగు చుక్క వేసి కడిగింది. కెమెరా పెట్టి తెర మీ వైపు తిప్పింది.

పన్ను లోపలి నేల. కాలువల నోళ్లు చుక్కల్లా ఉన్నాయి. వాటి మధ్య నుంచి, ముందు గోడ నుంచి వెనక గోడ దాకా, వెంట్రుకంత నీలి గీత. ఎనిమిది వచ్చిన చోటికే చేరుతోంది.

"గోడలు బాగున్నాయండీ. నేలే చీలింది. రూట్ కెనాల్ చేసి క్యాప్ వెయ్యమంటే వేస్తాను. డబ్బు, టైమూ పెడతారు. ఈ పగుల్లోంచి క్రిములు ఎముకలోకి దిగుతూనే ఉంటాయి. నెలకొస్తారో ఏడాదికొస్తారో చెప్పలేను. ఆలోపు చుట్టూ ఎముక తింటుంది. తర్వాత ఇంప్లాంట్ పెడదామన్నా పట్టు దొరకదు."

నోట్లో రబ్బరు షీటు, కాబట్టి ప్రశ్నలు లేవు. ఆ గీత వైపే చూసి, తియ్యండని చెయ్యి ఊపారు.

పీకడం అనుకున్నట్టు లేదు. లాగలేదు. పన్నును మధ్యకు కోసి, ముందు వేరు, వెనక వేరు విడివిడిగా కదిలించి తీసింది. చుట్టూ ఎముక చెదరకూడదని ఈ తంటా. నొప్పి లేదు, కానీ పుర్రెలో ఎవరో పెట్టెలు జరిపిన చప్పుడు. కుట్లు వేసి, మడిచిన గాజుగుడ్డ కొరికించింది.

"గట్టిగా కొరికి పట్టుకోండి. ఉమ్మొద్దు, స్ట్రా వాడొద్దు, సిగరెట్ ముట్టుకోవద్దు. గడ్డకట్టిన రక్తం ఊడితే అసలు నొప్పి అప్పుడు తెలుస్తుంది." ఖాళీ సంగతి కొన్ని నెలల తర్వాతట. బ్రిడ్జి కట్టాలంటే అటూ ఇటూ ఉన్న పళ్లను అరగదియ్యాలి. మీవి రెండూ నిక్షేపంలా ఉన్నాయి, ఆమెకు మనసొప్పడం లేదు. టైటానియం మరను 1965లో స్వీడన్‌లో బ్రెనెమార్క్ మొదటిసారి మనిషి దవడలో పెట్టినప్పటి నుంచీ ఇంప్లాంట్లు నిలుస్తూనే ఉన్నాయి. ఒక్కటే తేడా. సొంత పన్నుకూ ఎముకకూ మధ్య ఉండే సన్నటి పొర ఇంప్లాంట్‌కు ఉండదు, అన్నంలో రాయి తగిలిన సంగతి సొంత పన్నంత చురుగ్గా చెప్పదు. కంపెనీ ఇన్సూరెన్స్ సంగతి ముందే అడిగి ఉంచుకోమంది. ప్రమాదంలో విరిగితే తప్ప పళ్ల ఖర్చు మామూలుగా అందులో రాదు.

"కుట్లు విప్పడానికి వచ్చే గురువారం రండి."

గురువారం రిలీజ్. నోట్లో గుడ్డ, చేతిలో ఫోను. టైపు చేసి స్క్రీన్ ఆమె వైపు తిప్పారు: శుక్రవారం పొద్దున అయితే కుదురుతుందా మేడమ్?