గార్నెట్‌లో చోటు, చరిత్రలో చోటు

ఖమ్మం నుంచి భద్రాచలం అడవుల వైపు వెళ్తే కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట కొండ వస్తుంది. 2016లో జిల్లాల విభజనతో అది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి చేరింది. ఆ కొండరాతిలోనూ, దాన్నుంచి కొట్టుకొచ్చిన మట్టిలోనూ ఎర్రటి గార్నెట్లు దొరుకుతాయి. ఆల్మండైన్ అనే రకం అది.

ఆ స్ఫటికంలో ప్రతి అయాన్‌కూ ఒక చోటుంది. సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు, అల్యూమినియం చుట్టూ ఆరు, ఇనుము చుట్టూ ఎనిమిది. ఎక్స్‌రేల సాయంతో 1920లలో ఈ అమరిక తెలిసింది. ఎనిమిది ఆక్సిజన్ల నడుమ ఉన్న ఇనుమే రాయికి ఎరుపునిస్తుంది. అయితే ఆ చోటు ఇనుముకే రాసిచ్చింది కాదు. మెగ్నీషియం, మాంగనీసు, కాల్షియం కూడా అక్కడ కుదురుకుంటాయి. ఏది ఎంత చేరుతుందో రాయి పుట్టిన శిల, వేడి, ఒత్తిడి నిర్ణయిస్తాయి. అందుకే ఆ పాళ్లు దాని పుట్టిల్లు చెప్పే ఆనవాళ్లు.

పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో దొరికిన గార్నెట్లను ఈ ఆనవాళ్లతోనే పోల్చి చూశారు. మూలకాల పాళ్లూ, లోపల చిక్కుకున్న సన్నని సిల్లిమనైట్ పోగులూ గరీబ్‌పేట రాళ్లతో సరిపోయాయని 2017లో ప్రచురించారు. అంటే మన కొండరాయి తూర్పు తీరం దాకా ప్రయాణించి, అక్కడ పూసగా మారింది.

1945లో అరికమేడును తవ్వించిన మార్టిమర్ వీలర్ దృష్టి ప్రధానంగా రోమన్ వర్తకం మీద నిలిచింది. 1989-92లో విమలా బెగ్లీ నాయకత్వంలో జరిగిన తవ్వకాలు ఆ ఊరి జీవితం వీలర్ అనుకున్నదానికంటే పాతదని చూపాయి. ప్రశ్న అడిగే మనిషి మారితే మట్టి చెప్పే జవాబూ మారుతుంది.

ఇక మన రాతల సంగతి చూద్దాం. రాయి ఏరినవాడు, సానబట్టినవాడు, బెజ్జం వేసినవాడు అని ఎంత తేలిగ్గా రాసేస్తాం! ఆ 'వాడు' ఏ పూసలో కనిపించాడు? రాతి విశ్లేషణ పుట్టిన చోటు చెబుతుందే గానీ, పట్టుకున్న చెయ్యి ఆడదో మగదో చెప్పదు. ఆ చోటును మగవాడితో నింపింది సాక్ష్యం కాదు, మన వ్యాకరణం. అలాగని అక్కడ ఆమెను ఊహించి కూర్చోబెట్టమనీ కాదు. స్ఫటికాన్ని చదివేవాళ్లు ఆ ఎనిమిది ఆక్సిజన్ల నడుమ ఇనుమే ఉందని ముందే అనుకోరు, కొలిచి చూస్తారు. మనమూ 'ఏరినవారు', 'చేసినవారు' అని రాయడంతో మొదలుపెట్టవచ్చు.