మన ధరణికోట - నాటి ధాన్యకటకము

కృష్ణానది కుడిగట్టున, అమరావతిని చేరియున్న మన ధరణికోటయే శాతవాహనుల నాడు ధాన్యకటకమను పేర విలసిల్లిన మహానగరము.

క్రీ.శ. 7వ శతాబ్దమున చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఈ సీమకు వచ్చి, సంఘారామములు పెక్కు పాడుపడినవనియు, ఇంచుమించు ఇరువది మాత్రమే నిలిచియున్నవనియు వ్రాసెను. అయినను ఊరు అంతరింపలేదు. 12వ శతాబ్దమున ఇది కోటవంశీయులకు రాజధాని. అమరేశ్వరాలయమునందలి 1182 నాటి కేతరాజు శాసనము, బుద్ధదేవునకును గ్రామములు దానమొసగినట్లు చెప్పుచున్నది. శివభక్తుడైన రాజు చూపిన ఈ సమభావము మనకు నేటికిని ఆదర్శప్రాయము.

1962-65 నడుమ పురావస్తుశాఖవారు కోటగట్టు వద్ద త్రవ్వగా, నదితో కలిసిన ఓడకాలువయు, తొలుత కొయ్యస్తంభములతోను పిదప ఇటుకలతోను కట్టిన రేవును బయల్పడినవి. మన పూర్వులు సేద్యగాండ్రే గాక ఓడబేరము నెరిగినవారని దీనివలన తేటపడినది.

అమరావతి స్తూపశిలలు కొన్ని సున్నపుబట్టీల పాలైనవి. కొన్ని మద్రాసు, లండను ప్రదర్శనశాలలను చేరినవి. మనకు మిగిలినది ఈ మట్టికోటయే. దానినుండి బండెడు మట్టి తోలుకొనిపోవుట, ఇంకను చదువని గ్రంథమున పుటలు చించుటయే. గ్రంథాలయమును ఇరువదియైదేండ్లు కాపాడుకొనిన మన గ్రామస్థులు ఈ గట్టునుగూడ కాపాడుదురుగాక!