ఇల్యా మూసిన్: వేదిక, తరగతి గది

ఆర్కెస్ట్రా కండక్టర్, అంటే తాను ఏ వాయిద్యమూ పట్టకుండా వాద్యబృందాన్నంతటినీ చేతులతోనే నడిపించే నిర్దేశకుడు. ఆ విద్యలో ఇరవయ్యో శతాబ్దపు గొప్ప గురువుల్లో ఒకరైన ఇల్యా మూసిన్ (1904–1999) గురించి సంగ్రహ చరిత్రలు చెప్పే కథ ఇంచుమించు ఒకటే: కమ్యూనిస్టు పార్టీలో చేరనందుకు సోవియట్ ప్రభుత్వం ఆయనకు కచేరీలు దక్కకుండా చేసిందనీ, గత్యంతరం లేక ఆయన బోధన వైపు మళ్లారనీ. ఆయనకు జరిగిన అన్యాయాన్ని ఈ కథనం మరువనివ్వదు గాని, అరవై ఏళ్లు దాటిన అధ్యాపక జీవితాన్ని వేదిక దక్కనివాడి ఊరటగా కుదించివేస్తుంది.

తేదీలు ఇందుకు ఒప్పుకోవు. కోస్ట్రోమాలో పుట్టి, నికొలాయ్ మాల్కో, అలెగ్జాండర్ గౌక్‌ల దగ్గర నేర్చుకున్న మూసిన్ 1932లోనే లెనిన్‌గ్రాడ్ కన్సర్వేటరీలో అధ్యాపకులయ్యారు. లెనిన్‌గ్రాడ్ ఫిల్హార్మనిక్ ఆర్కెస్ట్రాలో కండక్టర్ ఫ్రిట్జ్ స్టీడ్రీకి సహాయకుడిగా చేరింది 1934లో, బెలారస్ ప్రభుత్వ ఆర్కెస్ట్రా బాధ్యత చేపట్టింది ఆ తర్వాత. పార్టీ సభ్యత్వం లేకపోవడమొక్కటే అన్నిటికీ కారణమనడమూ కష్టమే. పార్టీలో చేరని కండక్టర్ మ్రవిన్‌స్కీ 1938 నుంచి దాదాపు అర్ధ శతాబ్దం లెనిన్‌గ్రాడ్ ఫిల్హార్మనిక్‌కు అధిపతిగా ఉన్నారు. సభ్యత్వం లేకపోవడం మూసిన్‌కు చేటు చేసి ఉండవచ్చు గాని, దానితోనే కథ ముగియదు.

ఆ కథనానికి అసలు పరీక్ష 1942 నాటి తాష్కెంట్. రెండో ప్రపంచ యుద్ధంలో కన్సర్వేటరీ ఆ నగరానికి తరలిపోగా, సోవియట్ యూనియన్‌పై జర్మన్ దాడికి సరిగ్గా ఏడాది నిండిన జూన్ 22న మూసిన్ అక్కడ సోవియట్ స్వరకర్త షస్తకోవిచ్ ఏడవ సింఫనీని నిర్దేశించారు. ఇది ఆ కృతికి రెండో ప్రదర్శన అని తరచు రాస్తారు. అది సరికాదు: సమోసుద్ నిర్దేశకత్వంలో మార్చి 5న కుయిబిషెవ్‌లోనూ, మార్చి 29న మాస్కోలోనూ అప్పటికే అది వినిపించింది. ఆ లెక్క తప్పినంత మాత్రాన ఘట్టం విలువ తగ్గదు. నొవొసిబిర్‌స్క్‌లో మ్రవిన్‌స్కీ, ముట్టడిలో ఉన్న లెనిన్‌గ్రాడ్‌లో ఎలియాస్‌బెర్గ్ ఆ కృతిని చేపట్టక ముందే, గంటకు పైగా సాగే, భారీ బృందాన్ని కోరే ఆ రచన, అటువంటి రోజున, మూసిన్ చేతికి వచ్చింది. పక్కకు నెట్టేసిన మనిషికి అప్పగించే పని కాదది. ఆ ఏళ్లలో ఆయన బోధనా, నిర్దేశనా కలిసే సాగాయి.

ఆయన పద్ధతీ ఆ కలయికనుంచే పుట్టింది. మాటల వివరణ వీలైనంత తగ్గించి, స్వరం బరువునూ ఊపిరినీ సంగీత వాక్యపు వంపునూ చేతితోనే చూపించాలన్నది దాని సారం. తరగతిలో ఇద్దరు పియానిస్టులు రెండు పియానోల మీద వాయిస్తుంటే వారి ఎదుట విద్యార్థి చేతులు కదిపేవాడు. చేయి చెప్పనందువల్ల ఏదైనా వాద్యంలో రాకపోతే లోపం విద్యార్థిదే. ఈ అనుభవాన్నే 1967లో వెలువడిన నిర్దేశన సాంకేతికత గ్రంథంలో ఆయన క్రమబద్ధం చేశారు.

నేడు ఆయన కీర్తి తెమిర్కనోవ్, గెర్గియెవ్, బిచ్‌కోవ్ వంటి శిష్యుల పేర్ల మీదే నిలబడింది. ఇది గౌరవమే గాని అరకొర గౌరవం, ఎందుకంటే ఒకరినొకరు పోలని ఈ ముగ్గురిని ఒకే ముద్ర కింద చేర్చి, ఆయన నేర్పింది కొన్ని చేతి కదలికలేనన్న భ్రమను అది పెంచుతోంది. వీడియోలు చూసి ఆ కదలికలను అనుకరించేవారికి, వాటి వెనకనున్న సంగీత ఆలోచన అందదు. మూసిన్ జీవితాన్ని మళ్లీ రాయబూనేవారు శిష్యుల జాబితాతో కాక, తాష్కెంట్ నుంచి మొదలుపెట్టాలి.